ఆపరేషన్ అయింది సరే, కాగితం ఏది?

ఈ వ్యాసం చదవబోయే ముందు మీ ఇంట్లోనే ఒక చిన్న విచారణ జరపండి. మీ అమ్మగారికో, అత్తగారికో, అక్కగారికో గర్భసంచి తీసివేసే ఆపరేషన్ జరిగి ఉండవచ్చు. మన రెండు రాష్ట్రాలలో అది అరుదైన విషయమేమీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మందికి, తెలంగాణలో ఎనిమిది మందికి ఈ ఆపరేషన్ జరిగింది. దేశ సగటు మూడు మాత్రమే. ఆమెను మూడు ప్రశ్నలు అడగండి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీశారా? గర్భాశయ ముఖద్వారాన్ని తీశారా, ఉంచారా? తీసిన భాగాన్ని బయాప్సీకి పంపితే రిపోర్టు ఏమని వచ్చింది?

నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఈ ప్రశ్నలకు ఎక్కువగా విన్న జవాబు ఒక్కటే: "ఏమో బాబూ, మొత్తం తీసేశామన్నారు."

"మొత్తం" అనే పేరుతో శరీరంలో ఏ అవయవమూ లేదు. చిన్న వయసులోనే రెండు అండాశయాలూ పోయిన స్త్రీకి ఎముకలు త్వరగా గుల్లబారుతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. ఆమెకు వేరే వైద్యం, వేరే జాగ్రత్తలు అవసరం. అండాశయాలు ఉంచిన స్త్రీకి వాటిలో గడ్డలు వచ్చే అవకాశం మిగిలే ఉంటుంది. ముఖద్వారం ఉంచితే దానికి క్యాన్సర్ పరీక్షలు యథావిధిగా జరుగుతూనే ఉండాలి. ఈ మూడూ మూడు వేర్వేరు జీవితాలు. వాటిని వేరు చేసేది ఆపరేషన్ నోట్సులోని ఒక్క పంక్తి. ఆ పంక్తి మన ఆసుపత్రులలో చాలా తరచుగా రాయబడదు, రాసినా రోగి చేతికి అందదు. ఇది నిర్లక్ష్యమే కాదు, రోగికి చెందిన ఆస్తిని ఆమెకు ఇవ్వకపోవడం అని నా అభియోగం.

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ళ ముందు నలభై ఏడేళ్ళ మహిళ ఒకరు పొత్తికడుపులో గడ్డతో మా దగ్గరకు వచ్చారు. తొమ్మిదేళ్ళ క్రితం ఒక పట్టణంలోని నర్సింగ్ హోంలో ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలు భద్రంగా దాచుకుని తెచ్చారు. మందుల బిల్లులు, గది అద్దె రసీదు, రక్త పరీక్షలు, అన్నీ ఉన్నాయి. డిశ్చార్జి సమ్మరీలో మాత్రం గర్భసంచి ఆపరేషన్ జరిగినట్టు, రోగి కోలుకున్నట్టు, అయిదు రోజులు వాడవలసిన మాత్రల పేర్లు, అంతే. స్కానింగ్‌లో గడ్డ నిమ్మకాయంత ఉంది. అది అండాశయంలో పుట్టినదా, పాత ఆపరేషన్ అతుకుల మధ్య నీరు చేరి ఏర్పడిన తిత్తా అన్నది ఎంఆర్‌ఐ కూడా కచ్చితంగా తేల్చలేకపోయింది. ఆ నర్సింగ్ హోంకు ఫోన్ చేశాను. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు వేరే ఊరు వెళ్ళిపోయారు. "మూడేళ్ళు దాటిన కేస్ షీట్లు తీసేశామండీ" అన్నారు అవతలివారు, ఎంతో మర్యాదగా.

మా గైనకాలజిస్టు సహచరురాలు ఆమెను పరీక్షించినప్పుడు మరో సంగతి బయటపడింది. ముఖద్వారం అలాగే ఉంది. "గర్భసంచే లేదు కదా" అన్న ధీమాతో ఆవిడ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా పాప్ స్మియర్ చేయించుకోలేదు. చేయించుకోవాలని ఎవరూ చెప్పలేదు కూడా. ఆపరేషన్ వరకు గడిచిన ఇరవై రోజులూ క్యాన్సరేమోనన్న భయంతో ఆ కుటుంబం నిద్రపోలేదు. పొట్ట తెరిచాక తెలిసింది: కుడి అండాశయం లేదు, ఎడమది ఉంది, గడ్డ దాని మీదిదే, పేగులు దానికి గట్టిగా అతుక్కుని ఉన్నాయి. గడ్డ ప్రమాదకరమైనది కాదని తర్వాత బయాప్సీలో తేలింది. "కుడి అండాశయం తీశాము, ఎడమది ఉంచాము, ముఖద్వారం ఉంచాము" అని ఎవరైనా ఒక్క పంక్తి రాసి ఉంటే మళ్ళీ ఆపరేషన్ తప్పేదని నేను అనను. ఆ ఇరవై రోజుల చీకటిలో చాలా భాగం మాత్రం తప్పేది.

ఆ సర్జన్‌గారిని తిట్టుకునే ముందు నా సంగతి కూడా వినండి. వృత్తి తొలినాళ్ళలో నేను పెద్దాసుపత్రిలో ఒకే రోజు అయిదేసి ఆపరేషన్లు చేసేవాణ్ణి. నోట్సు రాసేది సాయంత్రం, టీ తాగుతూ. అదీ నేను కాదు, హౌస్ సర్జన్. మూడో రోగి పిత్తాశయం బాగా అతుక్కుని ఉన్నదా, నాలుగో రోగిదా అని ఇద్దరం ఆలోచించుకున్న రోజులున్నాయి. చివరికి అయిదు నోట్సులూ ఒకే మూసలో తయారయ్యేవి: పొరలు పొరలుగా పొట్ట తెరవబడినది, రక్తస్రావం అదుపు చేయబడినది, పొట్ట మూయబడినది. నేను కింద సంతకం గీసేవాణ్ణి. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చి ఆ మూసను మరింత సులభం చేశాయి. నిన్నటి రోగి నోట్సును ఈనాటి రోగికి అతికించడం వల్ల, మగ రోగిని "ఆమె" అని రాసిన నోట్సు ఒకటి నేను కళ్ళారా చూశాను.

ఇది రాతపని మీద విసుగు మాత్రమే అనుకుందామంటే, అదే ఆసుపత్రి బిల్లు చూడండి. వాడిన గ్లౌజులు ఎన్ని జతలు, దారం ఏ నంబరు, దూది ఎంత, అన్నీ అక్కడ ఉంటాయి. బీమా కంపెనీకి పంపే ఫైలులో ఫోటోలు, సంతకాలు, సీళ్ళు ఒక్కటీ తప్పిపోవు. డబ్బు రావలసిన చోట రికార్డు అచ్చుగుద్దినట్టు ఉంటుంది, రోగికి ఉపయోగపడవలసిన చోట ఖాళీగా ఉంటుంది. చేతకాక రాయడం లేదన్న వాదన ఇక్కడే కూలిపోతుంది.

మత్తు రికార్డు మరీ దిక్కులేనిది. సక్సినైల్‌కోలిన్ అనే మందును కండరాలు సడలించడానికి ఇస్తారు. సాధారణంగా దాని ప్రభావం కొద్ది నిమిషాలే. రక్తంలో ఒక ఎంజైము లోపించినవారిలో మాత్రం గంటల తరబడి ఊపిరి తిరిగి రాదు, వెంటిలేటరు మీద కాపాడుకోవాలి. ఈ లోపం వంశపారంపర్యం, ఆర్యవైశ్య కుటుంబాలలో ఎక్కువగా కనిపిస్తుందని మన మత్తు డాక్టర్లకు బాగా తెలుసు. అలా ఒకసారి ప్రాణాపాయం తప్పించుకున్న రోగికి ఆ విషయం కాగితం మీద రాసి ఇవ్వకపోతే, తర్వాతి ఆపరేషన్‌లో ఆయనకే కాదు, ఆయన తోబుట్టువులకు కూడా అదే గండం పొంచి ఉంటుంది. "కాస్త ఆలస్యంగా మెలకువ వచ్చింది" అని బంధువులతో నోటిమాటగా చెప్పి ఊరుకోవడం వైద్యం అనిపించుకోదు.

శరీరంలో అమర్చే వస్తువుల సంగతి చూడండి. 2010లో ఒక బహుళజాతి కంపెనీ తన కృత్రిమ తుంటి కీలులో లోపం ఉందని ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. మన దేశంలో దాదాపు 4,700 ఆపరేషన్లలో దాన్ని అమర్చారు. ఏళ్ళ తర్వాత ప్రభుత్వ నిపుణుల కమిటీ లెక్క చూస్తే, మూడు వేల మందికి పైగా రోగుల ఆచూకీయే దొరకలేదు. వారి శరీరంలో ఏముందో వారికి తెలియదు, వారు ఎక్కడున్నారో అమర్చినవారికి తెలియదు. ప్రతి కీలు పెట్టె మీదా నంబరుతో కూడిన స్టిక్కరు ఉంటుంది. దాన్ని తీసి ఒకటి కేస్ షీటులో, ఒకటి రోగి కాగితంలో అతికించడానికి అర నిమిషం చాలు.

నా తోటి వైద్యులు చెప్పే సాకులు నాకు తెలుసు, వాటిలో కొన్ని నేనూ చెప్పినవే. సమయం లేదంటారు. ఒక పేజీ నోట్సుకు పది నిమిషాలు పడుతుంది, థియేటరులో తర్వాతి రోగిని సిద్ధం చేసేలోపు అది అయిపోతుంది. రాస్తే కోర్టులో దొరికిపోతామంటారు. వాస్తవం దీనికి విరుద్ధం. రికార్డు చూపలేని ఆసుపత్రిని అనుమానించి వినియోగదారుల న్యాయస్థానాలు ఇచ్చిన తీర్పులు అనేకం. నిజాయితీగా పనిచేసిన సర్జన్‌ను కాపాడేది ఆ కాగితమే. రోగికి అర్థం కాదంటారు. రోగికి అర్థం కానక్కరలేదు, తర్వాత ఆమెను చూసే డాక్టరుకు అర్థమైతే చాలు.

ఫారాలు పెంచితే సరిపోతుందని కూడా నేను అనుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల శస్త్రచికిత్స భద్రతా పట్టికను తెచ్చింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాలలో దాన్ని పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఆ పట్టికలో చివరి అంకం, రోగి థియేటరు దాటకముందే చేసిన ఆపరేషన్ పేరును, దూది, సూదుల లెక్కను నర్సు పైకి చదివి అందరి ముందు ఖరారు చేయడం. రోగి ఇంకా వార్డులో ఉండగానే అన్ని గడులలోనూ టిక్కులు పెట్టేసిన పట్టికలను మన దగ్గర నేను చూశాను. అలాంటి పట్టిక లేకపోవడమే నయం, కనీసం అబద్ధమైనా ఉండదు.

చట్టం సంగతీ అంతంతమాత్రమే. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును మూడేళ్ళు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. 2023 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో నిలిపివేశారు. మూడేళ్ళు! తీసేసిన అండాశయం మూడేళ్ళ తర్వాత తిరిగి మొలవదు కదా. కేస్ షీటు మొత్తాన్ని కలకాలం దాచలేమంటే ఒప్పుకుంటాను. ఆపరేషన్ నోట్సు, మత్తు రికార్డు, బయాప్సీ రిపోర్టు, ఈ మూడింటి నకళ్ళూ అడగకుండానే డిశ్చార్జి రోజున రోగి చేతిలో పెట్టాలని ప్రభుత్వాలు ఒక్క ఉత్తర్వు ఇవ్వవచ్చు. వాటిని ఇవ్వనిదే ఆరోగ్యశ్రీ అయినా, ప్రైవేటు బీమా అయినా సొమ్ము విడుదల చేయకూడదు. ఆసుపత్రులకు అర్థమయ్యే భాష అదే.

ఉత్తర్వు వచ్చేదాకా మీరు ఆగనక్కరలేదు. డిశ్చార్జి బల్ల దగ్గర బిల్లు కట్టే ముందే, "ఆపరేషన్ నోట్సు జెరాక్స్ ఇప్పించండి" అని అడగండి. ఏం తీశారు, ఏం ఉంచారు, లోపల ఏం అమర్చారు, మత్తుకు శరీరం ఎలా స్పందించింది, ఇవి అందులో ఉన్నాయో లేదో ఇంట్లో చదువుకున్నవారి చేత చూపించుకోండి. లేకపోతే తిరిగి ఇచ్చి రాయించండి. కాదంటే తేదీ వేసి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఎవరో కసురుకుంటారని వెనుకాడకండి. మొదట్లో కసురుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆ మహిళకు డిశ్చార్జి రోజున నోట్సు రెండు నకళ్ళు ఇచ్చాను. కింద తెలుగులో నాలుగు పంక్తులు నా చేత్తోనే రాశాను: రెండు అండాశయాలూ ఇప్పుడు లేవు, ముఖద్వారం ఉంది, పేగుల అతుకులు విడదీశాము, గడ్డలో క్యాన్సర్ లేదు. ఆవిడ కూతురు దాన్ని ఫోనులో ఫోటో తీసుకుంది. పాప్ స్మియర్‌కు రావలసిన తేదీ కూడా ఆ కాగితం అడుగునే వేసి ఇచ్చాను.