పెరటిలో కొట్టు కట్టబోయే ముందు



ఈమధ్య మా బరంపురంలో ఏ నేతగాని ఇంటికి పోయినా ఒకటే మాట. “సెక్రటరీగారూ, పెరట్లో చిన్న కొట్టు వేసుకుంటాం, సంఘం నుంచి అడ్వాన్సు ఇప్పించండి.” కోరిక న్యాయమైనదే. మగ్గం, మంచం, పొయ్యి, పట్టు, నూలు అన్నీ రెండు గదులలో ఇరుక్కొని ఉన్నప్పుడు మరొక గది కావలెననిపించుట తప్పు కాదు. కాని ఆ కొట్టులో ఏమి పెట్టెదరు, ఎంత పెట్టెదరు, వాన నీరు ఎటు పోవును అని అడిగితే జవాబు చెప్పినవారు బహు తక్కువ. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందు నా తప్పు చెప్పుకొనెదను. 2013 శ్రావణంలో మా పెరటిలో నేనొక రేకుల కొట్టు వేయించితిని. కొలతలు లేవు, కాగితం లేదు. పాత గోడ కలిసివచ్చునని, నాలుగు ఇటుకలు మిగులునని, రేకుల వాలు మగ్గం ఇంటివైపు పెట్టించితిని. ఆ అక్టోబరు 12, దుర్గాష్టమి నాటి రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినది. గాలి గంటకు 200 కిలోమీటర్లు. రేకులు రెండు ఎగిరిపోయినవి. అది చిన్న నష్టం. వాలు వెంట దిగిన నీరంతా మగ్గం గుంటలో నిండి, ఎక్కించి మూడు రోజులైనా కాని పడుగు తడిసి, బూజు పట్టి పాడయినది. పెండ్లివారికి ఒప్పుకొన్న చీరలు ఇవ్వలేక బయానా తిరిగి ఇచ్చుకొంటిని. “నీళ్ళు వాటంతటవి రాలేదురా, నువ్వే దారి చూపించావు” అని మా అమ్మ అన్నది. ఆ మాటకు నా వద్ద జవాబు లేదు.

తేదీలు ఒకసారి చూడండి. 1999లో గోపాల్‌పూర్ వద్ద తుపాను అక్టోబరు 17న వచ్చినది. ఫైలిన్ 2013 అక్టోబరు 12. విశాఖపట్నంపై హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. పలాస వద్ద తిత్లీ 2018 అక్టోబరు 11. నాలుగూ ఒకే వారంలోనివి. పెండ్లిండ్ల బేరానికి మన ఇండ్లలో సరకు నిండి ఉండే రోజులు కూడా అవియే. కాబట్టి కొట్టు కట్టదలచినవారు వేసవిలో కట్టవలెను. కొత్త గోడలోని చెమ్మ త్వరగా పోదు. అది ఆరకముందే నూలు సర్దితే బూజును పిలిచి పీట వేసినట్లే.

అసలు కొట్టు కావలెనా అన్నది మొదటి ప్రశ్న. ఒక్క మగ్గం ఉన్న ఇంటికి అటక, మూత గట్టిగా పడే రేకు పెట్టె చాలును. మూడు నాలుగు మగ్గాలు ఆడే ఇంటివారు లెక్క వేసుకొనవలెను. పది పౌన్ల నూలు కట్ట అనగా నాలుగున్నర కిలోలు. 40 నంబరైతే అందులో 840 గజాల చిలపలు 400 ఉండును. ఈనాడు ఇంట ఎన్ని కట్టలున్నవని గాక, ఏడాదిలో మిక్కిలి ఎక్కువగా ఉన్న నెలలో ఎన్ని ఉండునో లెక్కించి గది కొలత నిర్ణయించండి.

రెండవది, ఏది దేనితో పెట్టరాదు అన్నది. గంజి పట్టిన పడుగు ఎలుకలకు, బొద్దింకలకు విందు. కిటికీలు ఎత్తున ఎదురెదురుగా పెట్టి సన్నకన్ను ఇనుపవల కొట్టవలెను. రంగులద్దే ఇండ్లలో హైడ్రో డబ్బాను నూలు దరికి రానీయరాదు. చెమ్మ తగిలితే అది దానంతటదే వేడెక్కి నిప్పంటుకొనగలదు. దాని గంధకపు ఆవిరికి జరీ నల్లబడును. రంగుల సామానుకు వేరే గూడు ఉండవలెను.

మూడవది చోటు. పడుగు సాచుటకు పెరటిలో తిన్నని బారు కావలెను. కొట్టు కట్టి ఆ బారు పోగొట్టుకొంటే రేపు ఎండలో వీధిలో సాచుకొనవలసివచ్చును. పెరడు అన్నదమ్ముల ఉమ్మడిదైతే వారి మాట, మునిసిపాలిటీ అనుమతి పునాదికి ముందే తీసుకొనండి, గోడ లేచిన తరువాత కాదు. నేల మట్టం మీరెరిగిన వరద మట్టానికి పైన ఉండవలెను. కట్టలు నేలకు, గోడకు తగులకుండ జానెడు ఎడంగా చెక్కలమీద పేర్చవలెను. రేకులను కొక్కేల బోల్టులతో దూలాలకు బిగించవలెను. తుపాను నడిమి భాగం మనమీదుగా పోతే గాలి ముందొక దిక్కునుండి, పిదప ఎదురు దిక్కునుండి కొట్టును గనుక అన్ని అంచులూ బిగించవలెను.

“ఇంత ఆలోచించేసరికి ఇటుక ధర పెరిగిపోతుంది” అనువారున్నారు. పెరుగును, నిజమే. కాని నేను ఆ కొట్టును ఒకసారి కట్టి, ఒకసారి విప్పి, మరల కట్టితిని. ఏ ధర ఎక్కువో మీరే చెప్పండి.

అందుచేత రాబోవు సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెట్టదలచితిని. కొట్టుకు అడ్వాన్సు అడిగే సభ్యుడు గది కొలతలు, నీటి వాలు, పెట్టబోయే సరకు లెక్క ఒక కాగితంమీద గీసి తేవలెను. దీనిపై కొందరు నన్ను కోపించుకొనవచ్చును. అడ్వాన్సు ఇచ్చేది నా జేబునుండి కాదు, తక్కిన సభ్యుల పొదుపునుండి అని వారు గుర్తుంచుకొందురుగాక.

అంతవరకు చేయదగిన పని ఒకటున్నది. కట్టదలచిన చోట ముగ్గు పోసి, ఒక్క గట్టి వాన కురియనిచ్చి, నీరు ఎటు పారునో నిలబడి చూడండి. ముగ్గు కొట్టుకొనిపోతే పోయేది రెండు పిడికిళ్ళ పిండియే.

ఇట్లు,
ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి, బరంపురం