ఆ గీత ఎక్కడుంది? బొమ్మ కాదు, ఫైలు ఇవ్వండి

గ్రేట్ నికోబార్ దీవి దక్షిణ తీరంలో గలాతియా అఖాతం ఉంది. లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే ఇసుక తీరం అది. అక్కడ భారీ ఓడరేవు నిర్మించాలని కేంద్ర ప్రభుత్వం సంకల్పించింది. ప్రాజెక్టు స్థలం ఓడరేవులు నిషిద్ధమైన ఐసీఆర్‌జెడ్-1ఏ తీర మండలంలోకి వస్తుందా, రాదా? ఈ చిన్న ప్రశ్నకు ప్రభుత్వ యంత్రాంగమే రెండు జవాబులు చెప్పింది. అండమాన్ నికోబార్ తీర నిర్వహణ ప్రాధికార సంస్థ ఇచ్చిన సమాచారం ప్రకారం ఓడరేవు, విమానాశ్రయం, పట్టణాలకు చెందిన సుమారు 7 చదరపు కిలోమీటర్ల భూమి ఆ మండలంలో ఉంది. తరువాత జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం ప్రాజెక్టులో ఏ భాగమూ అందులో లేదని తేల్చింది. మొదటి జవాబు 7, రెండవ జవాబు సున్నా. ఈ రెండింటి మధ్య పగడాలు లేచి నడిచిపోలేదు, తాబేళ్లు తీరం మార్చుకోలేదు. కదిలింది పటం మీది గీత ఒక్కటే.

ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అన్న చర్చ ఈ వ్యాసంలో చేయను. దాన్ని సమర్థించేవారు కూడా నాతో ఏకీభవించగలిగే ఒక చిన్న కోరిక నాది. ఆ రెండు గీతలనూ వాటి అసలు ఫైళ్ల రూపంలో ప్రజల ముందు పక్కపక్కన పెట్టండి. బొమ్మలు వద్దు.

ఫైలు రూపం గురించి ఇంత పట్టుదల ఎందుకని రాజకీయ పాఠకులు విసుక్కోవచ్చు. అది కంప్యూటర్ గదిలో కూర్చునే వారి గొడవ అని మనం చాలాకాలంగా పక్కన పెడుతూ వచ్చాం. ఆ అలవాటే అధికారులకు కొండంత అండ అయింది.

పటాన్ని రెండు విధాలుగా దాచవచ్చు. ఒకటి బొమ్మ. రంగు చుక్కల పేర్పు తప్ప అందులో మరేమీ ఉండదు. పెద్దది చేసి చూస్తే గీత అలుక్కుపోయి గళ్లుగా విడిపోతుంది. రెండవది వెక్టర్ ఫైలు. అందులో గీత అంటే వరుసగా పేర్చిన బిందువులు. ప్రతి బిందువుకూ అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. ఆ గీత పేరేమిటో, ఎవరు ఎప్పుడు కొలిచారో దానికి జతపరచిన పట్టికలో రాసుకోవచ్చు. బొమ్మను చూసి ఊరుకోవలసిందే. వెక్టర్ ఫైలునైతే ప్రశ్నించవచ్చు. ఈ హద్దుకూ ఆ పగడపు దిబ్బకూ దూరమెంత, ఈ రెండు మండలాలు ఎన్ని హెక్టార్ల మేర ఒకదానిపై ఒకటి పడుతున్నాయి అని అడిగితే క్షణంలో జవాబు చెబుతుంది. అందుకే మొదటిది ధారాళంగా దొరుకుతుంది, రెండవది దొరకదు.

గీత ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి ప్రయాణించేటప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. ఇంజనీరు దాన్ని డీడబ్ల్యూజీ, డీఎక్స్ఎఫ్ రూపాలలో గీస్తాడు. పటాల విభాగం దాన్ని షేప్‌ఫైలుగా మారుస్తుంది. షేప్‌ఫైలు అంటే నిజానికి ఒక్క ఫైలు కాదు, ఒక గుంపు. ఆ గుంపులో పీఆర్‌జే అనే చిన్న ఫైలు జారిపోయిందంటే, ఆ అంకెలు భూగోళంపై ఏ కొలమానం ప్రకారం చదవాలో చెప్పే ఆధారమే పోయినట్టు. షేప్‌ఫైలు పట్టికలో శీర్షికకు 10 అక్షరాలకు మించి చోటు లేదు. వివరంగా రాసిన శీర్షిక మారకంలో తెగిపోయి, తరువాతి వారికి అర్థం కాని పొడి అక్షరాలుగా మిగులుతుంది. ఇంజనీరు గీసిన వంపు చిన్న చిన్న సరళరేఖల ముక్కలవుతుంది.

కొలమానం విషయం మరీ ముఖ్యం. మన పాత సర్వే పటాలు 19వ శతాబ్దపు ఎవరెస్ట్ ప్రమాణం మీద తయారయ్యాయి. 2005 జాతీయ పటాల విధానం ప్రజలకిచ్చే పటాలకు డబ్ల్యూజీఎస్-84 ప్రమాణాన్ని నిర్దేశించింది. ఒక ప్రమాణంలోని అంకెలను సవరించకుండా మరో ప్రమాణంలో పరిస్తే గీత వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. రాయలసీమ మెట్టచేలో వంద మీటర్లంటే పొరుగువారి గట్టు తగాదా. గలాతియాలో అది తాబేలు గుడ్లు పెట్టే ఇసుకకూ కాంక్రీటుకూ మధ్య ఉన్న దూరం.

ఇన్ని మారకాల తరువాత చివరి అంచెలో ఆ గీత పీడీఎఫ్‌లో బొమ్మగా మారి ప్రజల చేతికి వస్తుంది. పీడీఎఫ్ తనంత తాను దోషి కాదు. అందులో వెక్టర్ గీతలనూ భద్రపరచవచ్చు. ముద్రించిన కాగితాన్ని మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్ అని పేరుపెట్టడమే మోసం. ఫైలును బొమ్మగా మార్చడం కొండ దిగినంత సులువు. బొమ్మను తిరిగి ఫైలుగా మార్చడమంటే మాత్రం పోయినదాన్ని ఊహతో పూరించడమే. పాలను పెరుగు చేయవచ్చు, పెరుగును పాలు చేయలేము.

ఇది నేను స్వయంగా పడిన పాటు. కొన్నేళ్ల క్రితం ఒక జలాశయం ముంపు పటం కోసం ఒక కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ఒంకరగా స్కాన్ చేసిన నలుపు తెలుపు కాగితం వచ్చింది. అంచున ఉండవలసిన అక్షాంశ రేఖాంశాల అంకెలు స్కానులో తెగిపోయాయి. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని పరచి, రెండు రాత్రులు కూర్చుని ముంపు గీతను చేత్తో మళ్లీ గీశాను. పటం 1:25,000 కొలతలో ఉంది. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 25 మీటర్లు. ఆ గీత మందం రెండు మిల్లీమీటర్లు. లోపలి అంచు వెంట గీస్తే ఊరి చివరి ఇళ్ల వరుస బయట పడింది. వెలుపలి అంచు వెంట గీస్తే మునిగింది. ఆ ఇళ్లవాళ్లకు పరిహారం రావాలో వద్దో నా మౌస్ నిర్ణయిస్తున్నదని తెలిసిన క్షణాన సిగ్గుపడి ఆ పని ఆపేశాను. అసలు ఫైలు మాత్రం ఆ కార్యాలయంలోనే ఏదో ఒక కంప్యూటర్‌లో భద్రంగా ఉంది.

ఇప్పుడు గ్రేట్ నికోబార్ లెక్కలు చూడండి. ప్రాజెక్టు విస్తీర్ణం 166.10 చదరపు కిలోమీటర్లు. అందులో 130.75 చదరపు కిలోమీటర్లు అడవి. ఆదివాసీ రిజర్వు నుంచి తొలగించదలచినది 84.10 చదరపు కిలోమీటర్లు. ఒక్కొక్క అంకె వెనుక ఒక్కొక్క హద్దు గీత ఉంది. దశాంశం తరువాత రెండు స్థానాల దాకా విస్తీర్ణం చెప్పగలుగుతున్నారంటే వారి దగ్గర ఉన్నది బొమ్మ కాదు, ఫైలే. బొమ్మ నుంచి అంత కచ్చితమైన వైశాల్యం రాదు. పైగా అటవీ భూమి కోరే ప్రతి దరఖాస్తుదారూ కోరిన భూమి హద్దును కేఎంఎల్ ఫైలుగా పరివేశ్ పోర్టల్‌లో ఎక్కించాలన్నది కేంద్ర పర్యావరణ శాఖ పెట్టిన నియమమే. కంపెనీ నుంచి వెక్టర్ ఫైలు పుచ్చుకునే ప్రభుత్వం పౌరుడికి బొమ్మతో సరిపెట్టడం ఏ న్యాయం?

చట్టం పౌరుడి పక్షానే ఉంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో పొందడాన్ని కూడా హక్కుగానే నిర్వచించింది. అడిగిన రూపంలోనే సమాచారం సాధారణంగా ఇవ్వాలని సెక్షన్ 7(9) చెబుతుంది. ఈ-పాలనలో బహిరంగ ప్రమాణాలు వాడాలని కేంద్రం 2010లోనే విధానం ప్రకటించింది. ప్రభుత్వ సమాచారాన్ని యంత్రాలు చదవగల రూపంలో పంచాలని 2012లో మరో విధానం వచ్చింది. 2021 ఫిబ్రవరి 15న భౌగోళిక సమాచారంపై ఆంక్షలను సడలిస్తూ కొత్త మార్గదర్శకాలు వెలువడ్డాయి. కంపెనీలకు పటాల మార్కెట్ తెరుచుకుందని అప్పుడు పండుగ చేసుకున్నవారెవరూ, ఆ తలుపు పౌరుడికి కూడా తెరవాలని అడగలేదు.

అధికారుల మొదటి జవాబు దేశభద్రత. కాంప్‌బెల్ బేలో నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ బాజ్ ఉన్నమాట నిజం. మలక్కా జలసంధి చేరువలో ఉన్నమాటా నిజం. సైనిక కట్టడాల పొరలను ఆ ఫైలు నుంచి తీసివేయండి, ఎవరూ కాదనరు. రహస్యమైన భాగాన్ని వేరుచేసి మిగిలినది ఇవ్వమని సెక్షన్ 10 చెబుతూనే ఉంది. వెక్టర్ ఫైలులో ఒక పొరను తొలగించడం బొమ్మ మీద సిరా పూయడం కన్నా తేలిక కూడా. కానీ పగడపు దిబ్బ ఎక్కడుందన్నది సైనిక రహస్యం ఎలా అవుతుంది? యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 తీసిన చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో ప్రపంచంలో ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. బీజింగ్‌లో కూర్చున్నవాడికి కనిపించే తీరం కాంప్‌బెల్ బే నివాసికి కనిపించకూడదనడం భద్రత కాదు.

రెండవ జవాబు, ఫైలు ఇస్తే ఎవరైనా గీతను మార్చి దుష్ప్రచారం చేస్తారన్నది. స్కాన్ చేసిన బొమ్మను మార్చడం అంతకన్నా సులువని ఈ వాదన చేసేవారికి తెలియదా? అసలు ఫైలును డిజిటల్ సంతకంతో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంచితే ఏది అసలు, ఏది నకిలీ అన్నది ఎవరైనా తేల్చుకోగలరు. అబద్ధానికి విరుగుడు అసలును చూపడమే.

మూడవది, సామాన్యులకు ఈ ఫైళ్లు అర్థం కావన్నది. ఈ మాట వింటే నాకు గ్రేట్ నికోబార్‌లోని నికోబారీయులు గుర్తొస్తారు. 2004 సునామీ వారిని చింగెన్, కోకియాన్, పులో బాహా వంటి పూర్వీకుల ఊళ్ల నుంచి వెళ్లగొట్టింది. అప్పటినుంచి రాజీవ్‌నగర్, న్యూ చింగెన్ కాలనీలలో ఉంటూ, మా ఊళ్లకు మమ్మల్ని తిరిగి వెళ్లనివ్వండని అడుగుతూనే ఉన్నారు. 2022 ఆగస్టులో వారి ఆదివాసీ మండలి ప్రాజెక్టుకు అభ్యంతరం లేదని పత్రం ఇచ్చింది. నవంబరులో దాన్ని ఉపసంహరించుకుంది. మాకు పూర్తి సమాచారం ఇవ్వలేదు, మా పూర్వీకుల ఊళ్ల భూములు కూడా ప్రాజెక్టులోకి వెళ్తున్నాయని అప్పుడు తెలియదు అన్నది వారి మాట. సంతకం అడిగిన రోజున ప్రాజెక్టు హద్దును, వారి పాత ఊళ్ల స్థానాలను ఒకే తెర మీద ఒకదానిపై ఒకటి పరచి చూపితే, వారి భాషలో పేర్లు రాసి చూపితే, ఆ ఒక్క ఫైలు చేసే మేలు వెయ్యి పేజీల నివేదిక చేయదు. వారికి అర్థం కాదని కాదు, అర్థమవుతుందనే భయం.

పటాలకు కాలం కూడా ఉంటుంది. ఆ సునామీ భూకంపంలో దీవి దక్షిణ కొస ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. పాత పటాల తీరరేఖ ఇప్పుడు నీటి కింద ఉంది. అందుకే ప్రతి గీతకూ దాన్ని కొలిచిన తేదీ జతపడాలి. ఏ తేదీ లేని గీత సాక్ష్యం కాదు, అలంకారం.

ఇదంతా ఎక్కడో సముద్రం మధ్య గొడవ అనుకుంటే మన హైదరాబాదునే చూడండి. చెరువు పూర్తి నీటిమట్టం గీతకు ఇటున్న ఇల్లు నిలుస్తుంది, అటున్న ఇల్లు కూలుతుంది. జీవితమంతా కూడబెట్టి కొన్నవాడు ఆ గీత తన గుమ్మానికి ఎంత దూరమో కొనేముందే చూసుకోగలగాలి. బుల్డోజర్ వచ్చిన ఉదయం గీత చూపించడం పాలన కాదు.

నా డిమాండ్లు నాలుగే. ప్రజాభిప్రాయ సేకరణకు ముందే ప్రాజెక్టు హద్దులను, తీర మండలాల హద్దులను జియోజేసన్, కేఎంఎల్ వంటి బహిరంగ రూపాలలో విడుదల చేయాలి. ప్రతి ఫైలుతో కొలమానం, కొలిచిన తేదీ, తయారుచేసిన సంస్థ పేరు ఉండాలి. హద్దు మారితే పాత ఫైలును తొలగించకుండా కొత్తదాని పక్కనే ఉంచి, మార్పునకు కారణం రాయాలి. వెక్టర్ ఫైలు ఉండి కూడా బొమ్మ ఇస్తే దాన్ని సమాచార నిరాకరణగానే పరిగణించాలి.

వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఒక రూపం నుంచి మరో రూపంలోకి ఫైలును మార్చే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఆ పనికి పట్టేది నిమిషం. 7 చదరపు కిలోమీటర్లు సున్నా ఎలా అయిందో వివరించడానికి సిద్ధంగా ఉన్న ప్రభుత్వానికి ఆ నిమిషం దొరక్కపోదు. దొరకడం లేదంటే, లేనిది సమయం కాదని మనం అర్థం చేసుకోవాలి.