ఎవరూ చెయ్యెత్తని గది

సివిల్స్ ఇంటర్వ్యూలోనో, గ్రూప్ డిస్కషన్‌లోనో ఈ ప్రశ్న మీకు ఎదురుకావచ్చు: మహమ్మారి వచ్చినప్పుడు ఎవరి మాట చెల్లాలి, నాయకుడిదా, నిపుణులదా? చాలామంది తడుముకోకుండా ‘నిపుణుల మాటే వినాలి సార్’ అనేస్తారు. బోర్డు సభ్యులు అక్కడితో వదిలేస్తారనుకోకండి.

వినకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలో చూశాం. హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందన్న శాస్త్రాన్ని 2000 ప్రాంతంలో అధ్యక్షుడు థాబో ఎంబెకీ శంకించారు. మందులు జనానికి ఆలస్యంగా అందాయి. దీనివల్ల 3.3 లక్షల మందికి పైగా చనిపోయారని 2008లో హార్వర్డ్ పరిశోధకులు అంచనా వేశారు. ఇది అందరూ చెప్పే తేలిక ఉదాహరణే.

చిక్కంతా నాయకుడు విన్నా తప్పు జరిగినప్పుడే. 1976 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో ఒక కుర్ర సైనికుడు స్వైన్ ఫ్లూతో చనిపోయాడు. 1918 నాటి ఫ్లూ మళ్లీ వస్తోందేమోనని భయం పట్టుకుంది. అది ఎన్నికల ఏడాది కూడా. మార్చి 24న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ నిపుణులను పిలిపించారు. పోలియో టీకాలు కనిపెట్టిన సాల్క్, సేబిన్ ఇద్దరూ ఉన్నారు. దేశమంతటికీ టీకా వేయడం వద్దనేవారు ఎవరైనా ఉన్నారా అని ఫోర్డ్ అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. అందరిలో చెప్పలేకపోతే నా గదికొచ్చి చెప్పండి అన్నారు. ఎవరూ వెళ్లలేదు. ఆ రోజే టీవీలో ప్రకటించేశారు.

అక్టోబర్‌లో మొదలుపెట్టి 4 కోట్ల మందికి పైగా టీకా వేశారు. మహమ్మారి మాత్రం రానే లేదు. టీకా వేసుకున్న కొద్దిమందిలో గిలియన్-బారే అనే అరుదైన నరాల జబ్బు కనిపించడంతో డిసెంబర్‌లో ఆపేశారు. నిజానికి టీకా తయారుచేసి నిల్వ పెట్టుకుందాం, జబ్బు పాకితే అప్పుడు వేద్దాం అనే ఆలోచనను సలహా సంఘంలో ఒకరు ముందే లేవనెత్తారు. ఆ రోజు అధ్యక్షుడి ముందు దాన్ని గట్టిగా వాదించినవాళ్లు లేరు. తర్వాత సేబిన్ కూడా ఆ మాటే అన్నారు, కానీ అప్పటికే బండి కదిలిపోయింది.

ఫోర్డ్ వినలేదని అనలేం. పాపం, ఇంకోసారి కూడా అడిగారాయన. కాకపోతే అవునా, కాదా అనే అడిగారు. జబ్బు పాకే అవకాశం ఎంత? ఏ సమాచారం వస్తే మనం ఆగాలి? ఇలా అడిగుంటే నిల్వ మాట బయటికొచ్చేదేమో.

కాబట్టి ‘ఫోర్డ్ స్థానంలో మీరుంటే?’ అని బోర్డు అడిగితే, టీకా వేయిస్తారో లేదో తర్వాత చెప్పొచ్చు. ముందు ఆ గదిలో నిపుణులను ఏమేం అడిగేవారో చెప్పండి.