ప్రశ్నకూ ఒక ముడుపు

మా చిత్తూరు వైపు ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందంటే ముందు జరిగేవి రెండు పనులు. వేలూరు ఆసుపత్రికి బండి మాట్లాడతారు. పసుపులో తడిపి ఆరబెట్టిన గుడ్డలో కాసిని రూపాయలు మూటగట్టి, ‘మనిషి లేచి తిరిగితే కొండకొస్తాం సామీ’ అని మొక్కుకుంటారు. నాన్నకు గుండెపోటు వచ్చిన ఏడాది అమ్మ కట్టిన ముడుపు మా దేవుడి గూట్లో ఎనిమిది నెలలుంది. ఆయన కోలుకున్నాక అందరం వెళ్లి హుండీలో వేశాం. అందులో ఉన్నది నూటపదహార్లే. అమ్మ మాత్రం ఆ ఎనిమిది నెలలూ ఒక్క సాయంత్రమైనా దాని ముందు దీపం పెట్టడం మరిచిపోలేదు.

తిరుపతిలో వైద్యాన్ని చాలావరకు ఇలాంటి చేతులే నిలబెట్టాయి. రుయా ఆసుపత్రి పేరులోనే బొంబాయి వ్యాపారి రామ్‌నారాయణ్ రుయా ఉన్నారు. బర్డ్, స్విమ్స్ ఆసుపత్రులు తిరుమల తిరుపతి దేవస్థానం చలవ. 2021 అక్టోబరులో పసిపిల్లల గుండె ఆసుపత్రి తెరిచారు. ఆ మరుసటి ఏడాది మే నెలలో, దేవస్థానం ఇచ్చిన 25 ఎకరాల్లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది. ఇవ్వడం ఈ ఊరికి ఒకరు నేర్పాల్సిన పని కాదు.

అయితే మనం ఇచ్చేది ఎక్కువగా మనిషి ముఖం చూసి. పెదవులు నీలంగా మారిన బిడ్డను చూస్తే ఆపరేషన్ ఖర్చుకు చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. మంచానికిస్తాం, యంత్రానికిస్తాం, గోడ మీద తాతగారి పేరు చెక్కే గదికిస్తాం. వైద్య పరిశోధన అలా కళ్లకు కనబడేది కాదు. అక్కడ ఉండేది ఒక ప్రశ్న, ఒక రిజిస్టరు, రెండు మూడేళ్ల ఓపిక. చివరికి ‘మేమనుకున్నది తప్పని తేలింది’ అని చెప్పినా అది డబ్బు దండగ కాదు. తర్వాతి డాక్టరు ఆ తప్పుదారిలో నడవకుండా ఆగుతాడు. ఆ మాట దాతకు చెప్పి ఒప్పించడం మాత్రం కష్టమే.

ఒప్పించగలిగిన వాళ్లు మన పక్కనే ఉన్నారు. 1912లో, అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో, కొన్ని మిషన్ సంఘాలు తలా కొంత వేసుకుని క్షయ రోగులకు ఒక శానిటోరియం మొదలుపెట్టాయి. 1915లో అది ఊరి బయటి కొండగాలికి మారింది. ఆరోగ్యవరం అన్నారు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి సూపరింటెండెంటు. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, అంతే. రోగులను చూసుకుంటూ కాలం గడిపినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ అక్కడ ప్రశ్న అడగడం ఆగలేదు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదలైన తొలిచోట్లలో మదనపల్లె ఒకటి. 1950లలో మోలర్ కుమారుడు యోహానెస్, తన తోటివారితో కలిసి చుట్టుపక్కల పల్లెల్లో ఒక పెద్ద పని తలకెత్తుకున్నారు. టీకా వేసిన వారినీ వేయని వారినీ ఏళ్ల తరబడి గమనిస్తూ పోయారు. ఆ లెక్కలు 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి. ఈ టీకా మన పల్లెల్లో ఎంతవరకు కాపాడుతుందన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ప్రపంచం మదనపల్లె పల్లెల వైపు చూసింది. నాకు ఇది ఏ గాలిగోపురానికీ తీసిపోని కట్టడం.

ఇప్పుడు డబ్బు అసలే లేదని కాదు. పరిశోధన మీద దేశం పెట్టేది జాతీయాదాయంలో ముప్పావు శాతం కూడా కాకపోయినా, తలుపులు కొన్ని తెరిచే ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి చిన్న గ్రాంటు అన్నా అది రెండు కోట్ల వరకు ఉంటుంది. వైద్య విద్యార్థులకు రెండు నెలల పరిశోధన భృతిని ఆ మండలి 1979 నుంచీ ఇస్తోంది. వెల్‌కమ్ ట్రస్టు, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి నడిపే ఇండియా అలయన్స్ హైదరాబాదులోనే ఉంది. పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సమాజానికి పెట్టాలని కంపెనీల చట్టం చెబుతోంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పరిశోధనకిచ్చినా ఆ లెక్కలోకి వస్తుంది. మన పక్కనున్న శ్రీసిటీ నిండా కంపెనీలే.

లేనిది దరఖాస్తు రాసే తీరిక. ఓపీ ముగిసేసరికి మధ్యాహ్నం దాటుతుంది, ఆపైన వార్డు, ఆపైన పాఠం. గ్రాంటు కావాలంటే ఇంతకుముందు ఎవరెవరు ఏం చేశారో చదవాలి, ఎంతమందిని చూస్తే లెక్క నిలుస్తుందో తేల్చాలి, ఎథిక్స్ కమిటీ ముందు నిలబడాలి, బడ్జెట్టు పైసాతో సహా వేయాలి. వచ్చాక ఖర్చుల లెక్క చూపే యూసీ పంపందే రెండో విడత రాదు. పెద్ద నగరాల సంస్థల్లో ఇందుకు ప్రత్యేకంగా మనుషులుంటారు. మన జిల్లా డాక్టరు రాత్రి పదింటికి ఒంటరిగా కూర్చుని రాసుకుంటాడు. గడువు తేదీ ముందు నైట్ డ్యూటీ పడిందంటే ఆ ఏడాదికి అంతే.

ప్రశ్నలు మాత్రం ఇక్కడివే. అలిపిరి నుంచి 3,550 మెట్లు. షుగరూ బీపీ ఉన్న పెద్దవాళ్లు ఉపవాసంతో ఎక్కుతారు. ఎవరికి ఏ మలుపు దగ్గర గుండె తడబడుతోందో, ముందే పసిగట్టే వీలుందో లేదో ఇక్కడివాళ్లు కాకపోతే ఎవరు అడుగుతారు? రాత్రి కరెంటుకు మోటారు వేయడానికి శనక్కాయ చేలోకి పోయిన రైతును పాము కరుస్తుంది. మనకు దొరికే విరుగుడు నాలుగు రకాల పాముల విషంతో చేసింది. ఆ విషంలో ఎక్కువ భాగం తమిళనాడు ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే రకం పామైనా ప్రాంతాన్ని బట్టి విషం తేడాగా ఉంటుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మరి పలమనేరు చేలోని రక్తపింజరకు ఆ మందు ఎన్ని సీసాలు ఎక్కిస్తే సరిపోతుంది?

ఈ ప్రశ్నలు తలచుకుంటే వేలూరు ఆసుపత్రి పుట్టుక గుర్తొస్తుంది. ఐడా స్కడర్ అనే అమ్మాయి ఇంటికి ఒకే రాత్రి మూడిళ్ల నుంచి కాన్పు కష్టమై కబురొచ్చింది. డాక్టరైన ఆమె తండ్రి వెళ్తానన్నా, మగవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఆ రాత్రిని కళ్లారా చూసిన ఐడా తర్వాత అమెరికా వెళ్లి డాక్టరై, ఆసుపత్రి కోసం చందాలు అడిగింది. షెల్ అనే బ్యాంకరు భార్య జ్ఞాపకార్థం పదివేల డాలర్లిచ్చాడు. 1902లో ఆసుపత్రి లేచింది. ఇప్పటి భాషలో చెప్పాలంటే అదీ ఒక గ్రాంటు దరఖాస్తే. ఆమె ప్రశ్నకు ముఖం ఉంది. మన డాక్టర్ల ప్రశ్నలకూ ముఖాలున్నాయి. పక్కన కూర్చుని రాయించేవాళ్లే కావాలి. లెక్కలు తెలిసిన ఒక మనిషి, దరఖాస్తు తీరు తెలిసిన ఒక మనిషి, పెద్ద గ్రాంటు వచ్చేలోగా చిన్న ప్రయత్నం చేసి చూడడానికి రెండు మూడు లక్షలు. ఒక్క కంపెనీ తలచుకుంటే అయ్యే పని.

దేవస్థానం ప్రాణదానం ట్రస్టు ఉద్దేశాల్లో పేదలకు ఉచిత వైద్యంతో పాటు మూత్రపిండాల వైఫల్యం, హీమోఫీలియా, తలసేమియా, క్యాన్సర్ చికిత్సల్లో పరిశోధనను ప్రోత్సహించాలన్న మాట కూడా ఉంది. ఆ మాట రాసినవారికి దండం పెట్టాలనిపిస్తుంది. విరాళమిచ్చే భక్తులకు ఆ రెండో సగం కూడా ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు.

ఈ రాత్రి కూడా ఎక్కడో ఐసీయూ బయట, బెంచీ మీద ఒక రైతు భార్య కొంగు చించి ముడి వేస్తూ ఉంటుంది. అద్దం లోపల జూనియర్ డాక్టరు పాము కరిచిన వేళ, ఊరి పేరు, ఎక్కించిన సీసాల లెక్క రాసుకుంటూ ఉంటాడు. మనిషి బతికితే ఆమె ముడుపు కొండకు చేరుతుంది. అతను రాసిన కాగితం కేస్ షీటులో కలిసి, పొద్దునకల్లా రికార్డు రూముకు పోతుంది.