ఒసాకా యాస, మార్కండి యాస

మార్కండిలో కొందరు నాలుగో తరగతి పిల్లలను ఈమధ్య మీకు నచ్చిన బొమ్మల కథ చెప్పమన్నాం. ఇద్దరు ఆడపిల్లలు ‘కార్డులు పట్టే పిల్ల’ కథ అందుకున్నారు. ఫోనులో, తమది కాని భాషలో చూసింది. అర్థమైనంత అర్థమై, మిగతాది వాళ్లే అల్లుకున్నారు. చెప్పడం మాత్రం ఇంటి తెలుగులో చెప్పారు. అంత ధారాళంగా ఆ పిల్లలు వాచకం చదవగా మేమెప్పుడూ వినలేదు.

ఆ కథ పేరు ‘కార్డ్‌క్యాప్టర్ సకురా’. క్లాంప్ అనే పేరుతో కలిసి పనిచేసే నలుగురు జపాన్ రచయిత్రులు 1996లో ‘నకయోషి’ అనే బాలికల మాసపత్రికలో మొదలుపెట్టారు. 2000 దాకా సాగి 12 సంపుటాలైంది. 1998లో టీవీకెక్కి 70 భాగాలు నడిచింది. 2016లో కొనసాగింపు కూడా మొదలైంది. సకురాదీ నాలుగో తరగతే. ఇంట్లో ఉన్న ఓ పాత పుస్తకం తెరిస్తే అందులోని మంత్రపు కార్డులు ఎగిరిపోతాయి. నీరు, వాన, పొగమంచు... ఒక్కోదాన్నీ వెతికి పట్టి తేవాలి. పుస్తకంలో ఆ కార్డులు 19, టీవీలో 52. పట్టుకున్న కార్డు మీద సకురా తన పేరు రాసుకుంటుంది. అప్పుడే అది ఆమెదవుతుంది. అద్దం కార్డుదైతే మరీ చిత్రం. దాని అసలు పేరు సరిగ్గా చెబితే తప్ప లొంగదు.

ఇక కెరో. ఆ పుస్తకానికి కావలి, సకురాకు గురువు. చూడ్డానికి రెక్కలున్న పసుపుపచ్చ బొమ్మలా ఉంటాడు. మాట మాత్రం ఒసాకా యాస. పుస్తకం చాలాకాలం ఒసాకాలో ఉండటంతో ఆ మాట అబ్బిందట. టోక్యో మాటను బడి మాటగా చేసుకున్న దేశంలో, మంత్రాలన్నీ తెలిసిన గురువుకు రచయిత్రులు యాస పెట్టారు. సకురా ఒక్కసారి కూడా ఆయన మాటను వెక్కిరించదు. మాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

2000లో ఈ ధారావాహిక ఇంగ్లిష్‌లో అమెరికా టీవీకి వెళ్లినప్పుడు ఏమైందో చూడండి. 70 భాగాల్లో అక్కడ ప్రసారమైనవి 39. మగపిల్లలు కూడా చూడాలని, షావొరాన్ అనే అబ్బాయి ప్రవేశించే ఎనిమిదో భాగంతో మొదలుపెట్టారు. సకురా కినొమొతొ ఇంటిపేరు ఆవలాన్ అయింది. స్నేహితురాలు తొమొయొ మాడిసన్ అయింది. కెరో ఒసాకా మాట మాయమైంది. పేరు చుట్టూ తిరిగే కథలో పేర్లే మార్చేశారు! కొత్తవాళ్లకు తేలిగ్గా ఉండాలనే కదా చేశారు, చెడు ఉద్దేశం లేదు. మన బళ్లలోనూ చెడు ఉద్దేశం లేకుండానే ఇదంతా జరుగుతోంది.

ఒడియా హాజరుపట్టీలో నూకరాజు పేరు పిలిస్తే ‘నూకొరాజు’ అని వినిపిస్తుంది. అది ఆ భాష ఉచ్చారణ, తప్పు పట్టేదేమీ లేదు. ఒడియా మన పిల్లలకు బతుకుతెరువు, బాగా నేర్వాల్సిందే. మా ఫిర్యాదు తెలుగు తరగతి మీద. “మా అయ్య యేటకెల్నాడు, సందరం పోటు మీదుంది” అని పిల్లవాడు రాస్తే ఎర్రసిరా పడుతుంది. అయ్య నాన్నవుతాడు, సందరం సముద్రమవుతుంది, పోటు ఏమిటో తెలియక టీచరు ఆ వాక్యమే కొట్టేస్తారు. ఒడియా తరగతిలో తన భాష వేరని, తెలుగు తరగతిలో తన తెలుగు తెలుగే కాదని విన్నాక ఆ పిల్లవాడికి మిగిలేది ఏమిటి? రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి చెప్పింది. ఆ మాతృభాషంటే అమ్మ ఇంట్లో మాట్లాడేది కూడానా, పుస్తకంలో అచ్చయింది మాత్రమేనా?

గిడుగు రామమూర్తి పనిచేసిన పర్లాకిమిడి అప్పట్లో మన గంజాం జిల్లాలోనిదే. సవర పిల్లలకు సవర మాటలోనే చదువు చెప్పాలని ఆయన ఆ భాష నేర్చి పుస్తకాలు రాశారు. ఆయన జయంతి ఆగస్టు 29న పటానికి దండ వేస్తాం. ముప్ఫయ్యో తేదీన మళ్లీ ఎర్రసిరా తీస్తాం.

మేం అడిగేది పెద్ద మార్పేమీ కాదు. నెలకోసారి, ఇరవై అయిదు నిమిషాలకు మించని ఒక భాగం పిల్లలకు చూపి, శబ్దం కట్టేసి, మాటలు వాళ్లనే చెప్పమనండి. సకురా నాన్న ఆచార్యుడు కాబట్టి ఆయనకు వాచకం తెలుగు. కెరోకు మార్కండి తెలుగు. రెండూ నోటుపుస్తకంలో పక్కపక్కనే రాయించండి. ఏ మాట ఎక్కడ వాడాలో పిల్లలే పట్టేస్తారు. పరీక్షలో మార్కులు పోతాయన్న భయం అక్కర్లేదు. తేడా తెలియనివాడే పరీక్షలో తప్పు రాస్తాడు.

“మళ్లీ ఫోనేనా?” అని తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫోను లేకుండా చేయదగ్గ పని కూడా ఉంది. పాత పెళ్లిపత్రికలను ముక్కలుగా కోసి కార్డులు చేయించండి. వేటకు వెళ్లిన తాతలకు గాలి అంటే ఒక్కటే గాలి కాదు, వీచే దిక్కును బట్టి పేరు మారుతుంది. కెరటానికీ, నీటి పోటుపాట్లకూ, వలల రకాలకూ అంతే. పిల్లలు వాళ్ల దగ్గర కూర్చుని ఒక్కో పేరూ అడిగి, ఒక్కో కార్డు మీద తెలుగు అక్షరాల్లో రాయాలి. కింద, సకురా లాగే, తమ పేరు.

ఆ కార్డులు దిద్దేటప్పుడు మాత్రం ఎర్రసిరా టీచరు పట్టుకోవద్దు. ఒకరోజు తాతనే బడికి పిలిచి, చదివి వినిపించండి. ఆ పేర్లలో తప్పు చెప్పగలిగేది ఆయనే.