ట్రాలీ పిన్ను



ఈ నెల ట్రాక్టరు గురించి వ్రాస్తున్నానని ఆశ్చర్యపడకండి. మన నిర్మల్ చుట్టుపక్కల పల్లెల్లో పత్తి, మక్కలు, సోయా, ఇసుక, ఇటుక ఏది కదలాలన్నా ట్రాలీయే గతి. కూడికలకు, పెండ్లిళ్లకు మనవాళ్లు వెళ్లేది కూడా చాలాసార్లు దానిలోనే. ఆ ట్రాలీని ట్రాక్టరుకు పట్టి ఉంచేది బొటనవేలంత మందమున్న ఒక్క ఇనుప పిన్ను.

కొన్నేళ్ల క్రిందట ఒక ఊరిలో ఉపవాస కూడిక ముగించుకొని రాత్రివేళ తిరిగి వస్తున్నాము. ట్రాలీలో స్త్రీలు, పిల్లలు కలిసి ఇరవై మందికి పైగా ఉన్నారు. నేను ముందు మడ్‌గార్డు మీద కూర్చున్నాను (అదీ తప్పే). వాగు దాటి గట్టు ఎక్కుతుండగా వెనుక టంగుమని చప్పుడైంది. ట్రాక్టరు ఒక్కసారిగా తేలికై ముందుకు దూకింది. తిరిగి చూస్తే ట్రాలీ వెనక్కి జారిపోతున్నది! చక్రాలు వాగు ఇసుకలో కూరుకొని ఆగబట్టి, దేవుని కృపవలన అందరమూ బ్రతికాము. టార్చిలైటు వేసి వెదికితే పిన్ను దారిలో దొరికింది. అది విరగలేదు. అసలు అది పిన్నే కాదు, స్లాబుకు వాడగా మిగిలిన సలాక ముక్క. ఆ రాత్రి అందరినీ దానిలో ఎక్కించినవాడిని నేనే. ఎక్కేముందు వంగి ఒక్కసారి చూడలేదు.

విరగని పిన్ను ఎలా ఊడింది? రెండు చక్రాల ట్రాలీలో బరువు ఇరుసుకు వెనుకవైపు ఎక్కువైతే ముందు కొన పైకి లేస్తుంది. గట్టు ఎక్కేటప్పుడు ఇంకా లేస్తుంది. క్రింద క్లిప్పు లేని పిన్ను ఆ కుదుపులకు పైకి ఎగిరిపోతుంది. ఎడ్లబండి నడిపిన మన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. ఇరుసు కొనకు కడసీల లేకుండా వారు బండి కదిలించేవారు కాదు. పిన్ను అడుగున రంధ్రంలో పెట్టే రింగు క్లిప్పు చేసేది ఆ కడసీల పనే. అది పోతే తీగ ముక్క చుట్టి సరిపెట్టుకుంటాము.

ఇక అరుగుదల. 25 మిల్లీమీటర్ల పిన్ను నడుమ అరిగి 20కి వచ్చిందనుకోండి. చూపుకు అయిదే తక్కువ. కాని తెగకుండా ఓర్చుకునే బలం నూటికి 64 పాళ్లకు పడిపోతుంది, వంగకుండా నిలిచే బలం దాదాపు సగమే మిగులుతుంది. పైగా రంధ్రం వదులై, బయలుదేరిన ప్రతిసారీ, బ్రేకు వేసిన ప్రతిసారీ సుత్తితో కొట్టినట్టు దెబ్బ పడుతుంది. గాడి పడినచోట వెల్డింగు నింపించి మళ్లీ వాడేవారున్నారు. ఆ వేడికి ఇనుము గుణం మారి అక్కడే పగులు పుట్టవచ్చు. మరీ గట్టి ఉక్కు కూడా మంచిది కాదు, వంగి హెచ్చరించకుండా పుటుక్కున విరుగుతుంది. ట్రాక్టరు విడిభాగాల దుకాణంలో సరైన కొలత పిన్ను, క్లిప్పుతో సహా, ఒక రోజు డీజిల్ ఖర్చంత కూడా ఉండదు. దానికి తోడు ట్రాలీకి, ట్రాక్టరుకు మధ్య ఒక గట్టి గొలుసు వేయండి. పిన్ను పోయినా బండి పట్టు తప్పదు.

అయితే పిన్ను ఎంత మంచిదైనా ట్రాలీ మనుషుల బండి కాదు. చాలావాటికి బ్రేకులే ఉండవు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలు వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. ఎక్కువమంది స్త్రీలే. మా సంఘంలో కూడికలకు ఆటోలు మాట్లాడుతున్నాము. ఖర్చని కొందరు సణిగారు. సణగనీ.

మొన్నటి ఆదివారం ఆరాధన తరువాత, ట్రాక్టర్లున్న సహోదరులను పిన్నులు తీసి తెమ్మన్నాను. నలుగురు తెచ్చారు, రెండింటికి నడుమ గాడి స్పష్టంగా కనబడింది. ఒకాయన వట్టి చేతులతో వచ్చి, "అయ్యగారూ, మా పిన్ను భలే బిగుతు, ఎంత లాగినా రావడం లేదు" అన్నాడు. అందరం కలిసి వెళ్లి సుత్తితో కొట్టి తీశాము. విల్లులా వంగి ఉన్నది.