గ్రాంథమున దిగని ప్రయాణికులు

లండను నగరమునుండి ఎడింబరోకు పోవు రైలుమార్గమున, లింకన్‌షైరు మండలమునందు, గ్రాంథము అను చిన్న పట్టణము కలదు. తెలుగువానికి ఆ పేరు వినగానే గ్రంథము స్ఫురించును. ఆ స్ఫురణ అంత అసందర్భము కాదు. లండనునుండి అచ్చటికి నూరు మైళ్లకు పైబడిన దూరము. నేటి రైలు గంటకు కొంచెము ఎక్కువ కాలములో చేర్చును. అయినను ఆ దారిని పోవువారిలో అనేకులు కిటికీలోనుండి ఎత్తైన చర్చి శిఖరము నొకదానిని చూచి, మరల తమ పత్రికలలో తలదూర్చుదురు. గ్రాంథమున చూడదగిన దేమియు లేదనియు, అది విసుగు పుట్టించు ఊరనియు ఇంగ్లండువారే పరిహసించుట కలదు.

ఆ ఊరికి దక్షిణముననున్న వాలుమార్గమున 1938 జూలై 3వ తేదీన ‘మల్లార్డ్’ అను ఆవిరియంత్రము గంటకు 126 మైళ్ల వేగము నందుకొనెను. ఆవిరియంత్రములలో ఆ వేగమును మించినది నేటికిని లేదు. అది ఘనకార్యమే. కాని తన్ను దాటి ఎంత వేగముగా పోవచ్చునో చాటిన కీర్తివలన ఒక ఊరికి కలిగిన లాభమేమి?

దిగువారును కొందరు లేకపోలేదు. వారిలో పెక్కండ్రు ఊరిలో నిలువక, అచ్చటికి ఏడు మైళ్ల దూరమున దక్షిణముగానున్న వూల్స్‌థార్ప్ గ్రామమునకు పోవుదురు. ఐజాక్ న్యూటను 1642వ సంవత్సరమున క్రిస్మసు పండుగనాడు జన్మించిన రాతియిల్లు అచ్చట కలదు. ఇంటిముందు ఆపిలు చెట్టు కలదు. దానిని చూచి, పండు రాలుట, గురుత్వాకర్షణము తోచుట అను కథను తలచుకొని, తృప్తితో మరలిపోవుదురు. ఈ యాత్రావిధానము సరియైనది కాదు. చెట్టును మాత్రమే చూచినవానికి జ్ఞానము పండువలె తనంత తాను రాలిపడునన్న భ్రమ కలుగును. ఆ పండు రాలుటకు ముందు ఆ బాలుని తీర్చిన వస్తువులును మనుష్యులును గ్రాంథమున నుండిరి.

న్యూటను 1655 ప్రాంతమున పండ్రెండేండ్ల వయస్సున గ్రాంథము పాఠశాలలో చేరెను. ఆ పాత పాఠశాల భవనము చర్చికి ప్రక్కనే నేటికిని నిలిచియున్నది. మొదట ఆ బాలుడు తరగతిలో అట్టడుగువారిలో నొకడు. మందులు తయారుచేసి అమ్ము క్లార్క్ అను వ్యాపారి యింట అతడు బస చేసెను. అచ్చట పుస్తకములు కలవు, మందుల సీసాలు కలవు, గోడలున్నవి. ఆ గోడలపై బొగ్గుతో పక్షులను, మృగములను, ఓడలను చిత్రించెను. ఊరి సమీపమున నూతనముగా గాలిమరను నిర్మించుచుండగా పనివారి చేతిపనిని దినదినము గమనించి, తానును ఒక చిన్న గాలిమరను చేసి, అందులో ఒక ఎలుకను తిరుగలివానిగా నియమించెనట! గాలిపటము తోకకు కాగితపు లాంతరు కట్టి రాత్రివేళ ఎగురవేయగా పల్లెవారు తోకచుక్క యని బెదరిరట. ఇవి అతని జీవితకథను తొలుత వ్రాసినవారు ఊరి పెద్దలవలన విని పదిలపరచిన సంగతులు.

పాఠశాలలోని కిటికీ గడపరాతిపై న్యూటను తన పేరును చెక్కెను. దానిని చూచుటకు దూరదేశములనుండి వచ్చువారున్నారు. ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. దేవాలయస్తంభములపైనను, కోటగోడలపైనను పేర్లు గీయు నేటి బాలురు ఈ సంగతిని తమకు సాక్ష్యముగా తెచ్చుకొనరాదు. ముందు ప్రపంచమును మార్చి, పిమ్మట ఆ రాతిని ప్రజలు క్షమింతురేమో అడుగవచ్చును.

ఈ పట్టణమునకు న్యూటను కథలో అన్నిటికంటె ముఖ్యమైన స్థానము సంతవలన కలిగినది. పదునేడేండ్లు నిండకమునుపే తల్లి యతనిని చదువు మాన్పించి సేద్యమునకు పిలిపించెను. ఆమె తప్పేమియు లేదు. భర్తలేని యిల్లాలికి పెద్దకుమారుడు పొలము చూచుకొనవలెనన్న కోరిక సహజమే. కాని కాపుదనము అతనికి అబ్బలేదు. అతని గొఱ్ఱెలు ఇరుగుపొరుగు చేలలో పడగా గ్రామన్యాయస్థానము అతనికి జరిమానా విధించినట్లు 1659వ సంవత్సరపు దస్తావేజు కలదు. శనివారపు సంతకు ధాన్యము నమ్ముకొని రమ్మని ఒక ముసలి సేవకుని వెంట గ్రాంథమునకు పంపగా, బేరము సేవకునికి విడిచి, క్లార్క్ గారి యింటి అటుకపై పుస్తకముల నడుమ కూర్చుండెడివాడు. తుదకు మేనమామయు, పాఠశాల అధిపతియైన హెన్రీ స్టోక్సును తల్లిని బ్రతిమాలిరి. స్టోక్సు ఆ బాలునికి జీతము మాఫీ చేసెను. న్యూటను మరల బడికి వచ్చి, 1661లో కేంబ్రిడ్జి చేరెను. ఆ ఉపాధ్యాయుని పేరు ఎంతమందికి తెలియును? ఆపిలుచెట్టు మాత్రము ప్రతి బాలునికిని తెలియును.

సంతవీథినుండి చర్చికి నడచిపోవుచు చూడవలసిన వస్తువు లింకను రెండు కలవు. ఒకటి 1597లో కట్టిన చిన్న రాతికట్టడము. ఊరివారికి మంచినీరు గొట్టములద్వారా అచ్చటికి వచ్చెడిది. రెండవది సెయింట్ వుల్ఫ్రము చర్చి ముఖమంటపముపైనున్న ఇరుకు గది. ఫ్రాన్సిస్ ట్రిగ్ అను గ్రామ మతాచార్యుడు 1598లో తన ఖర్చుతో అచ్చట గ్రంథాలయమును నెలకొల్పెను. అంతవరకు గ్రంథభాండారములు మఠములకును, విద్యాపీఠములకును చెందినవి. ట్రిగ్ మాత్రము మతాచార్యులతో పాటు పట్టణవాసులకును, చుట్టుపట్ల గ్రామములవారికిని ప్రవేశము కల్పించెను. అందువలన దానిని ఇంగ్లండులోని మొదటి ప్రజాగ్రంథాలయమని పలువురు చెప్పుదురు. పుస్తకములు దొంగలపాలు గాకుండ ఇనుపగొలుసులతో బలలకు బంధించిరి. ఎనుబదికి పైబడిన గ్రంథములకు ఆ గొలుసులు నేటికిని కలవు. ఏడాది తేడాతో నీటికిని, చదువునకును ఒక చిన్న ఊరు ఏర్పాటు చేసికొనినది! ఆ చర్చి శిఖరము ఎత్తు సుమారు 280 అడుగులు. రైలులోనివారు చూచునది దానినే. శిఖరము చూడముచ్చటయైనదే యైనను, దానిక్రింద గొలుసులతోనున్న పుస్తకములకు అది సాటిరాదు.

తక్కినవి తీరికను బట్టి చూడవచ్చును. రాజులకు బస యిచ్చిన ఏంజెల్ సత్రము, చెట్టుకొమ్మలలో సజీవమైన తేనెటీగల పెట్టెనే చిహ్నముగా పెట్టుకొన్న ఒక పానశాల ప్రసిద్ధములు. 1915లో అరెస్టుచేయు అధికారముతో బ్రిటనులో మొట్టమొదటి మహిళాపోలీసుగా ఎడిత్ స్మిత్ నియమింపబడినది ఈ ఊరనే. 1979 మొదలు 1990 వరకు బ్రిటను ప్రధానమంత్రిగా నుండిన మార్గరెట్ థాచర్ 1925లో ఇచ్చటి కిరాణా దుకాణముపై అంతస్తులో జన్మించెను. ఆమె విగ్రహమును 2022లో నిలిపిననాడే దానిపై గ్రుడ్లు విసిరినవారున్నారు. అట్టి భయముచేతనే కాబోలు, పీఠము మిక్కిలి ఎత్తుగా కట్టిరి. అదే వీథికి చేరువలో 1858లో నెలకొల్పిన న్యూటను విగ్రహమునకు అట్టి చిక్కు లేదు. శాస్త్రజ్ఞులపై గ్రుడ్లు విసరుటకు ఓటర్లకు కారణము తక్కువ.

ఒక్క దినము చాలును. ఉదయము సంతవీథియు, పాఠశాలయు, గొలుసుల గ్రంథాలయమును చూచి, పిమ్మట వూల్స్‌థార్ప్ పోవుట మేలు. 1665లో ప్లేగు వ్యాపించి కేంబ్రిడ్జి మూతపడగా న్యూటను తిరిగివచ్చినది ఆ యింటికే. గాజుపట్టకముతో సూర్యకాంతిని విభజించి చూచినదియు, గణితమున క్రొత్తదారులు త్రొక్కినదియు ఆ రెండేండ్లలోనే. 1820 ప్రాంతమున తుపానుకు ఒరిగిపోయినను, ఆపిలుచెట్టు పాత వేళ్లనుండియే మరల చిగిర్చి నిలిచినది. జనుల పాదముల త్రొక్కుడుచే వేళ్లు చెడకుండ దానిచుట్టును చిన్న కంచె కట్టిరి. ఆ చెట్టు పండ్లు పచ్చివిగా తినుటకంటె వండుకొనుటకు తగినవి.